మాటలు లేని గొంతులు: మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ‘ఒమ్మడాన్’



ఈ పూట మీకు ఒక రికార్డు గురించి చెబుతాను. దాని పేరు ‘ఒమ్మడాన్’. 1975లో ఇంగ్లండులో వచ్చింది. చేసినవాడు మైక్ ఓల్డ్‌ఫీల్డ్. అప్పటికి అతని వయసు 22 ఏళ్ళు. గిటార్ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. సంగీత కళాశాల గడప తొక్కలేదు. చెవితో విన్నదాన్ని వేళ్ళతో వెతుక్కుంటూ తనంతట తానే నేర్చుకున్నాడు.

ఆ రికార్డులో మనుషుల గొంతులు వినిపిస్తాయి. ముఖ్యంగా ఆడవాళ్ళ గొంతులు. కాసేపు విన్నాక మనకు అర్థమవుతుంది, ఆ పాడుతున్నదాంట్లో పట్టుకోవలసిన కథేమీ లేదని. అక్షరాలున్నాయి. స్వరం ఉంది. సాహిత్యం మాత్రం లేదు. అయినా వింటుంటే మనసు బరువెక్కుతుంది. మరికొంతసేపటికి అదే మనసు తేలికపడుతుంది. ఒక్క మాటైనా చెప్పకుండా ఒక గొంతు మనల్ని ఇంతగా ఎలా కదిలిస్తుంది? ఈ కాసేపూ దాని గురించే మాట్లాడుకుందాం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ఒంటరిగా నేర్చుకున్నాడు. ఒంటరిగా వాయించాడు. ఒంటరిగా రికార్డు చేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. అలాంటి మనిషి ‘ఒమ్మడాన్’ దగ్గరికి వచ్చేసరికి తన సంగీతంలోకి నలుగురినీ పిలిచాడు. మాటలు లేని ఆ గొంతులే నలుగురికీ చోటిచ్చాయి. ఆ రికార్డు గొప్పతనమంతా ఇందులోనే ఉందని నా నమ్మకం.

ఇక మొదటినుంచీ వద్దాం.

మైక్ 1953 మే నెలలో ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి డాక్టరు. తల్లి ఐర్లండు ఆవిడ, నర్సుగా పనిచేసింది. అక్క శాలీ, అన్న టెర్రీ. మైక్ చిన్నవాడు. తల్లికి మానసికమైన జబ్బు ఉండేది. ఆ బాధ ఇంటిల్లిపాదినీ తాకేది. పిల్లవాడు ఏం చేయగలడు? గిటార్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. గంటలకు గంటలు వాయించుకునేవాడు. గిటారే తనకు తలదాచుకునే చోటు అయిందని పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మరి గురువెవరు? రికార్డులే గురువులు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో జానపద గిటార్‌కు మంచి ఊపు వచ్చింది. బెర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ అని ఇద్దరు గొప్ప వాద్యకారులు ఉండేవారు. వాళ్ళ పద్ధతి వేరు. బొటనవేలు మందపు తీగల మీద నడకను నిలబెడుతుంటుంది. మిగతా వేళ్ళు సన్నటి తీగల మీద పాటను పలికిస్తుంటాయి. వినేవాళ్ళకు ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. మైక్ వాళ్ళ రికార్డులు పదే పదే విని, ఏ వేలు ఎక్కడ పడుతోందో ఊహించి, ఆ విద్య పట్టేశాడు. 12 ఏళ్ళు వచ్చేసరికి జానపద సంగీతపు క్లబ్బుల్లో వాయిస్తున్నాడు. పన్నెండేళ్ళు, శ్రోతలారా! మన లెక్కలో ఆరో తరగతో, ఏడో తరగతో చదివే కుర్రాడు.

ఇలా నేర్చుకోవడంలో ఒక విశేషముంది. ఇలా వాయించకూడదని చెప్పేవాళ్ళు ఉండరు. రాక్ సంగీతంలో ఎలక్ట్రిక్ గిటార్‌ను చాలామంది ప్లాస్టిక్ బిళ్ళతో మీటుతారు. మైక్ దాన్ని కూడా వేళ్ళతో, గోళ్ళతో మీటాడు. జానపద గిటార్‌తో చేతికి అబ్బినదాన్నే అక్కడికీ తీసుకెళ్ళాడు. స్వరాన్ని నిలబెట్టి వేలితో ఊపే తీరు వయొలిన్ వాద్యకారుల పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అందుకే అతని ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కడ విన్నా ఇట్టే గుర్తుపడతాం. మోత ఉంటుంది, కానీ మోటుతనం ఉండదు. తీగ పాడుతున్నట్టుంటుంది.

15 ఏళ్ళకే బడి మానేశాడు. అక్క శాలీతో కలిసి శాలియాంజీ అనే పేరుతో పాటలు పాడాడు. 1968లో వాళ్ళ రికార్డు ఒకటి వచ్చింది. అక్కాతమ్ముళ్ళ జోడీ. ఈ అక్కను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. తర్వాత కెవిన్ ఏయర్స్ అనే గాయకుడి బృందంలో బాస్ గిటార్ వాయించాడు. అప్పటికి ఇంకా మీసాలు సరిగా రాని వయసు.

అక్కడే ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదే, కానీ దానితోనే అంతా మొదలైంది. కెవిన్ ఏయర్స్ అతనికి ఒక టేపు రికార్డరు వాడుకోమని ఇచ్చాడు. దానితో మైక్ ఏం చేశాడో కాస్త నిదానంగా చెబుతాను.

టేపు రికార్డరులో కొత్త శబ్దం ఎక్కించే ముందు పాత శబ్దాన్ని చెరిపేసే భాగం ఒకటి ఉంటుంది. టేపు ముందు దాన్ని రాసుకుంటూ వెళుతుంది. పాతది చెరిగిపోతుంది, కొత్తది ఎక్కుతుంది. మైక్ ఆ చెరిపే భాగానికి అడ్డంగా ఒక అట్టముక్క పెట్టాడు. తీగలు మార్చి కలుపుకున్నాడు. అంతే. పాతది చెరగదు, దాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. ముందు గిటార్ వాయించాడు. దాన్ని వింటూ దాని మీద బాస్ వాయించాడు. దాని మీద ఆర్గన్. దాని మీద ఇంకొకటి. ఒక్క మనిషి, చిన్న గది, ఒక పెట్టె. ఆ పెట్టెలోంచి ఒక బృందం వాయిస్తున్నట్టు సంగీతం బయటికి వచ్చింది.

లండన్‌లో టాటెన్‌హామ్ అనే పేటలో, ఒక అద్దె ఫ్లాటులో ఈ పని జరిగింది. ఆ టేపు చంకన పెట్టుకుని రికార్డు కంపెనీల చుట్టూ తిరిగాడు. ఎవరూ తీసుకోలేదు. ఇరవై నిమిషాల పాటు ఆగకుండా సాగే సంగీతం. పాడేవాళ్ళు లేరు, మాటలు లేవు. ఇది ఎలా అమ్ముడుపోతుందని వాళ్ళ సందేహం. వ్యాపారం చేసేవాళ్ళ సందేహాన్ని తప్పుపట్టలేం. కానీ సంగీతం వాళ్ళ లెక్కకు అందలేదు.

చివరికి ఆక్స్‌ఫర్డ్ దగ్గర మానర్ అనే పాత బంగళాలో కొత్తగా కట్టిన ఒక స్టూడియో అతనికి తలుపు తెరిచింది. అది రిచర్డ్ బ్రాన్సన్ అనే వ్యాపారిది. అక్కడి ఇంజనీర్లు టామ్ న్యూమన్, సైమన్ హేవర్త్ ఆ టేపు విని వదల్లేదు. మైక్‌కు స్టూడియోలో ఒక వారం ఇచ్చారు. ఆ వారంలో మొదటి భాగం తయారైంది. మిగతాది స్టూడియో ఖాళీగా ఉన్న వేళల్లో పూర్తిచేశాడు. అదే ‘ట్యూబ్యులర్ బెల్స్’. 1973 మే నెలలో, బ్రాన్సన్ పెట్టిన వర్జిన్ అనే కొత్త కంపెనీ తొలి రికార్డుగా వచ్చింది. వాద్యాల్లో చాలా మటుకు మైక్ ఒక్కడే వాయించాడు.

రేడియో శ్రోతలుగా మనం సంతోషించవలసిన సంగతి ఒకటుంది. ఆ రికార్డును జనానికి చేర్చినవాళ్ళలో ముందున్నది ఒక రేడియో మనిషి. బీబీసీలో జాన్ పీల్ అనే వ్యాఖ్యాత ఆ సుదీర్ఘమైన సంగీతాన్ని తన కార్యక్రమంలో వినిపించాడు. మూడు నిమిషాల పాటలకు అలవాటుపడ్డ రేడియోలో అది సాహసమే. తర్వాత ‘ఎక్సార్సిస్ట్’ సినిమాలో దాని మొదటి వరసను వాడుకున్నారు. ఇక అమెరికాలో కూడా మోగిపోయింది.

ఇక్కడ మన విషయానికి సంబంధించిన ముచ్చట ఒకటి చెప్పాలి. ఆ రికార్డు తయారవుతున్నప్పుడు కంపెనీ మైక్‌ను అడిగింది, ఎక్కడైనా కాస్త గొంతు వినిపిస్తే బాగుంటుందని, అలా ఉంటే విడిగా అమ్ముకోవచ్చని. మైక్‌కు కోపం వచ్చింది. సగం సీసా విస్కీ తాగాడు. మైకు ముందు నిలబడి అరిచాడు, గర్జించాడు, మూలిగాడు. ఒక్క మాట లేదు. టేపు వేగంలో మార్పు చేసి రికార్డు చేయడం వల్ల ఆ గొంతు ఇంకా బొంగురుగా, ఏదో ఆదిమ మానవుడి గొంతులా వచ్చింది. అదీ రికార్డులో ఉండిపోయింది.

ఇది గుర్తుపెట్టుకోండి. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ గొంతు మాటల్లేకుండా మొదట బయటికి వచ్చింది అరుపుగా. కోపంగా. రెండేళ్ళ తర్వాత ‘ఒమ్మడాన్’లో మాటల్లేని గొంతు మళ్ళీ వచ్చింది. కానీ ఈసారి కోపం లేదు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే అసలు కథ.

ఏం జరిగింది? పేరు వచ్చింది. పేరుతో పాటు భయం కూడా వచ్చింది. మైక్ బిడియస్తుడు. జనంలోకి వెళ్ళాలంటే వణికేవాడు. ఒక్కసారిగా వచ్చిపడిన కీర్తి అతనికి ఊపిరి సలపనివ్వలేదు. లండన్ వదిలి దూరంగా వెళ్ళిపోయాడు. ఇంగ్లండుకూ వేల్స్‌కూ సరిహద్దులో కింగ్టన్ అనే చిన్న ఊరుంది. గాలి వీచే పచ్చటి కొండలు. ఆ కొండల్లో ఒకదాని పేరు హార్గెస్ట్ రిడ్జ్. దానికి దగ్గర్లో బీకన్ అనే ఇల్లు తీసుకున్నాడు. తర్వాతి రికార్డుకు ఆ కొండ పేరే పెట్టాడు. 1974లో వచ్చిన ఆ ‘హార్గెస్ట్ రిడ్జ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. తర్వాత దాన్ని ఆ స్థానంలోంచి దించింది ఎవరో తెలుసా? ‘ట్యూబ్యులర్ బెల్స్’. అతని రికార్డును అతని రికార్డే దించింది.

ఇంత జరిగినా మనసు కుదుటపడలేదు. 1975లో బీకన్ ఇంట్లోనే స్టూడియో పెట్టుకుని మూడో రికార్డు మొదలుపెట్టాడు. అదే ‘ఒమ్మడాన్’. పని మొదలైన రోజుల్లోనే తల్లి చనిపోయింది. ఏ బాధ నుంచి పారిపోవడానికి చిన్నప్పుడు గిటార్ పట్టుకుని గదిలోకి వెళ్ళేవాడో, ఆ తల్లి ఇక లేదు. పారిపోవడానికి ఇంకెక్కడికీ దారి లేదు. మళ్ళీ గిటార్ దగ్గరే కూర్చున్నాడు.

ఆ పని ఎలా సాగిందో వినండి. ఇప్పుడు అతని దగ్గర 24 ట్రాకుల టేపు యంత్రం ఉంది. అట్టముక్క అడ్డం పెట్టుకోవలసిన అవసరం లేదు. ఒక వాద్యం మీద ఇంకొకటి, దాని మీద మరొకటి, వాయించుకుంటూ పోయాడు. గిటార్లు, మాండొలిన్, బాంజో, బుజూకీ, హార్ప్, పియానో, ఆర్గన్. ఐర్లండు వాళ్ళ చేతి డప్పు బోద్రాన్. ఒక్కొక్కటీ వాయించడం, వెనక్కి తిప్పడం, వినడం, మళ్ళీ వాయించడం.

ఇలా తిప్పగా తిప్పగా టేపు అరిగిపోయింది. టేపు మీద ఒక సన్నటి పొడి పూసి ఉంటుంది. శబ్దమంతా ఆ పొడిలోనే దాగి ఉంటుంది. ఆ పొడి రాలిపోవడం మొదలైంది. పొడి రాలిందంటే సంగీతం రాలిపోయినట్టే. అంతవరకూ చేసిన మొదటి భాగం చేతికి రాకుండా పోయింది. తల్లి పోయిన దుఃఖం ఒకవైపు. చేసిన పని చేజారిపోవడం ఇంకోవైపు. ఇంకొకరైతే నీరుగారిపోయేవారు. మైక్ కొత్త టేపు ఎక్కించి మొదటినుంచీ మొదలుపెట్టాడు.

మనం ఈ రోజు వింటున్నది ఆ రెండోసారి వాయించినదే. నాకేమనిపిస్తుందంటే, అందులోని నిబ్బరానికి అదొక కారణం. పోగొట్టుకుని మళ్ళీ సంపాదించుకున్న సంగీతం అది. ఏ స్వరం ఎందుకుందో ఆ చేతులకు బాగా తెలుసు.

ఇక రికార్డులోకి వెళదాం.

ఆ రోజుల్లో ఎల్పీ రికార్డు అంటే రెండు పక్కలు. ఒక్కో పక్క సుమారు ఇరవై నిమిషాలు. చాలామంది ఒక్కో పక్కన నాలుగైదు పాటలు పెట్టేవారు. మైక్ మాత్రం ఒక్కో పక్కనూ ఒకే ప్రయాణంగా మలిచాడు. జానపద ధోరణిలో చిన్న చిన్న బాణీలు కట్టి, వాటిని సింఫనీ అంత నిడివికి పెంచాడు. రాక్ సంగీతపు బలం దానికి జోడించాడు. ప్రోగ్రెసివ్ ఫోక్ రాక్ అని దీన్నే అంటారు.

మొదటి భాగం మెల్లగా, దిగులుగా మొదలవుతుంది. ఒక వరస వస్తుంది. తొందర లేదు. కాసేపటికి అదే వరస ఇంకో వాద్యం మీద వస్తుంది. ఆ తర్వాత వేరే బాణీ. కొయ్యతో చేసిన వేణువు లాంటి రికార్డర్ అనే వాద్యం మీద హుషారైన పలుకు ఒకటి వినిపిస్తుంది. దాన్ని వాయించింది లెస్ పెన్నింగ్. పేరుమోసిన రాక్ తారేమీ కాదు. ఆ చుట్టుపక్కలే విందుల్లో పాతకాలపు సంగీతం వాయించుకునే మనిషి. మైక్‌కు ఆ ఊళ్ళోనే పరిచయమయ్యాడు.

చూశారా? ఒక్కడే కూర్చున్న గదిలోకి ఒకరు వచ్చారు. ఇక వరసగా వస్తారు.

అన్న టెర్రీ వచ్చాడు, పిల్లనగ్రోవుల గుత్తి లాంటి పాన్ పైప్స్ వాయించాడు. అక్క శాలీ వచ్చింది. క్లోడా సైమండ్స్ అనే ఐర్లండు గాయని వచ్చింది. బ్రిజెట్ సెయింట్ జాన్ అనే ఇంగ్లీషు జానపద గాయని వచ్చింది. ఈ ముగ్గురి గొంతులే ఆ రికార్డుకు ప్రాణం.

వాళ్ళు పాడింది ఏమిటి? క్లోడా సైమండ్స్ ఐర్లండు భాషలోని చాలా మామూలు మాటలు కొన్ని తీసుకుంది. వాటిని విరిచి, కలిపి, శబ్దాలుగా మార్చింది. వినేవాళ్ళకు అర్థం తెలియాలన్న ఉద్దేశం లేదు. నోటికి పలకడానికి బాగుండాలి, తాళానికి ఒదగాలి, అంతే. కొన్నిచోట్ల ఆ అక్షరాలు కూడా ఉండవు, ఊరికే సాగే అచ్చులే.

ఇది మనకు కొత్త కాదు. కచేరీలో విద్వాంసుడు కీర్తన ఎత్తుకునే ముందు రాగాలాపన చేస్తాడు కదా. త, ద, రి, న అంటూ నాలుగు అక్షరాలు పట్టుకుని అరగంట పాడతాడు. ఏం చెబుతున్నాడని మనం అడగం. తోడి రాగం పాడుతుంటే మనసెక్కడికో పోతుంది. అక్షరం అక్కడ గొంతుకు ఊతం మాత్రమే. ఆలాపన వినడం వచ్చినవాళ్ళకు ‘ఒమ్మడాన్’ వినడం వచ్చినట్టే. నేర్చుకోవలసిందేమీ లేదు.

ఇప్పుడు మొదటి భాగం చివరికి వద్దాం. నా మటుకు నాకు రికార్డు మొత్తానికి ఇదే గుండెకాయ. కాస్త జాగ్రత్తగా వినండి.

మొదటి భాగంలో సగం దాటాక డప్పులు మొదలవుతాయి. ఇంగ్లండు డప్పులు కావవి. ఆఫ్రికా డప్పులు. వాయిస్తున్నది జబులా అనే బృందం. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి లండన్‌లో ఉంటున్న కళాకారులు. వాళ్ళ నాయకుడు జూలియన్ బహులా. తమ దేశంలో నల్లవాళ్ళను మనుషులుగా చూడని వర్ణవివక్ష ప్రభుత్వం రాజ్యమేలుతుంటే, దేశం వదిలి వచ్చాడు. పరాయి దేశంలో తన డప్పుతోనే ఆ అన్యాయానికి వ్యతిరేకంగా నిలబడ్డాడు.

ఆ డప్పుల నడక మీద ఆడవాళ్ళ గొంతులు ఎక్కుతాయి. అవే నాలుగు శబ్దాలు, మళ్ళీ మళ్ళీ. మొదట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంటుంది. తర్వాత దగ్గరవుతాయి. డప్పు తగ్గదు. గొంతులు తగ్గవు. చుట్టుకుంటూ, చుట్టుకుంటూ పైకి లేస్తాయి. మన ఊళ్ళలో జాతర రాత్రి చూసినవాళ్ళకు తెలుసు, ఒకే వరస పదే పదే వాయిస్తుంటే మనిషి తనను తాను మరచిపోతాడు. ఆ స్థితికి చేరేసరికి మైక్ ఎలక్ట్రిక్ గిటార్ పైకి లేస్తుంది. అప్పటిదాకా అణచిపెట్టుకున్న దుఃఖమంతా ఆ తీగలోంచి బద్దలవుతుంది. మొదట్లో దిగులుగా విన్న ఆ వరసే ఇప్పుడు కేకగా వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే తప్పుకుంటాయి. గిటార్ ఆగిపోతుంది. గొంతులు ఆగిపోతాయి. డప్పులు మాత్రం మిగులుతాయి. అవి అలా మోగుతూ మోగుతూ దూరమైపోతాయి.

ఒక్కసారి ఆలోచించండి. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరెవరున్నారు? తల్లిని పోగొట్టుకున్న ఒక ఇంగ్లండు కుర్రాడు. అదే తల్లిని పోగొట్టుకున్న అతని అక్క. ఐర్లండు నుంచి వచ్చిన ఒక గాయని. స్వదేశానికి దూరమైన దక్షిణాఫ్రికా కళాకారులు. వీళ్ళందరికీ కలిపి ఒక పాట రాయమంటే ఏ భాషలో రాస్తారు? ఎవరి కథ రాస్తారు? ఒకరి కథ రాస్తే మిగతావాళ్ళు వెనక నిలబడ్డ వంతపాటగాళ్ళు అయిపోతారు. మాటలు లేవు కాబట్టే అక్కడ అందరూ సమానం. ఎవరి దుఃఖం వాళ్ళు పాడుకోవచ్చు. వినేవాళ్ళు కూడా తమ దుఃఖం అందులో కలుపుకోవచ్చు.

అందుకే మళ్ళీ చెబుతున్నాను. మాటలు లేని గొంతు అక్కడ నలుగురికీ చోటిచ్చింది.

రెండో భాగం ఇంకో దారి పడుతుంది. మొదలవడమే గిటార్ల హోరుతో మొదలవుతుంది. ఒకటి మీద ఒకటి పేర్చిన ఎన్నో గిటార్లు గోడలా నిలబడతాయి. ఆ హోరు నెమ్మదిగా కరిగి, ఒక మామూలు గిటార్ ఒంటరిగా మిగులుతుంది. అప్పుడు ఒక సన్నటి, తడిగొంతు లాంటి నాదం వస్తుంది. అది ఐర్లండు వాళ్ళ తిత్తివాద్యం, ఇల్యన్ పైప్స్ అంటారు. స్కాట్లండు వాళ్ళ తిత్తిలోకి నోటితో గాలి ఊదుతారు. ఇందులో నోటితో పని లేదు. మోచేతి కింద పెట్టుకున్న చిన్న కొలిమితిత్తిని నొక్కుతూ గాలి నింపుతారు. అందుకే నాదం అంత మెత్తగా ఉంటుంది. వాయించింది పాడీ మలోనీ. చీఫ్టెన్స్ అనే ప్రసిద్ధ ఐరిష్ బృందాన్ని స్థాపించినవాడు. తల్లి పుట్టిన దేశపు వాద్యం, ఆ తల్లి పోయిన ఏడాదిలో, కొడుకు సంగీతంలో పలికింది. అక్కడ గొంతు లేదు. కానీ ఆ తిత్తివాద్యం గొంతులాగే పాడింది.

ఆ తర్వాత సంగీతం ఒక్కసారిగా నాట్యంలోకి దిగుతుంది. కాలు దానంతటదే తాళం వేస్తుంది. అంత దుఃఖం నుంచి ఇంత ఉత్సాహంలోకి రావడం ఎలా? జానపద సంగీతం తెలిసినవాళ్ళకు ఇందులో వింత లేదు. ఏడ్చిన గొంతే తెల్లవారి నాట్లు వేస్తూ పాట ఎత్తుకుంటుంది.

ఇక చివరలో ఒక చిన్న పాట ఉంది. దీనికి మాత్రం మాటలున్నాయి. గుర్రం మీద కొండల్లో తిరగడం ఎంత బాగుంటుందో చెప్పే అమాయకమైన పాట. మైక్ సాదాగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతాడు. ఆ ఊరి పిల్లలు వంతపాడతారు. అందరికీ నచ్చే పాట కాదది. చిన్నపిల్లల పాటలా ఉందని కొందరంటారు. నాకైతే అది అక్కడ ఉండాల్సిందే అనిపిస్తుంది. రెండేళ్ళ కిందట మాటలు అడిగితే మైకు ముందు అరిచిన మనిషి, ఇప్పుడు ఎవరూ అడగకుండానే పిల్లలతో కలిసి నాలుగు మాటలు పాడుతున్నాడు. ఆ నాలుగు మాటల దగ్గరికి రావడానికి అతనికి అంతసేపు పట్టింది.

చాలా ఏళ్ళ తర్వాత, 2017లో, మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ఈ రికార్డు దగ్గరికే తిరిగి వచ్చాడు. ‘రిటర్న్ టు ఒమ్మడాన్’ అని కొత్త రికార్డు చేశాడు. బహామా దీవుల్లోని తన ఇంట్లో కూర్చుని, తనే అన్నీ వాయించాడు. అరవై దాటిన వేళ్ళు. తీగ మీద అదే పట్టు, అదే మెత్తదనం. వినదగ్గ రికార్డే. కానీ రెండూ వెంట వెంట వింటే తేడా తెలుస్తుంది. కొత్తదాంట్లో పనితనం నిండుగా ఉంది. పాతదాంట్లో మనుషులు నిండుగా ఉన్నారు.

సొంతంగా సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ఇవాళ మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఫోనులో చూసి గిటార్ నేర్చుకుంటున్నారు, కీబోర్డు నేర్చుకుంటున్నారు. గదిలో కూర్చుని కంప్యూటరులో వరస మీద వరస పేర్చుకుంటున్నారు. మైక్ అట్టముక్కతో చేసిన పని ఇవాళ వేలికొస మీద జరిగిపోతోంది. వాళ్ళకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ ఈ మాట చెప్పాలనుంది. గురువు దొరకలేదని వెనకడుగు వేయకండి. చెవి ఉంటే చాలు, నేర్చుకోవచ్చు. మైక్ ఓల్డ్‌ఫీల్డ్ అందుకు సాక్ష్యం. అయితే గదిలోనే ఉండిపోకండి. నేర్చుకున్నది చేతిలోకి వచ్చాక తలుపు తీయండి. పక్కింటి డప్పు మనిషిని పిలవండి. బాగా పాడే అక్కను పిలవండి. ఊళ్ళో పెద్దాయన పిల్లనగ్రోవి వాయిస్తాడని తెలిస్తే ఆయన దగ్గరికి వెళ్ళండి. మీ సంగీతం మీ ఒక్కరిదే అయినంతకాలం అది సగమే.

వినేవాళ్ళకు కూడా ఒక మనవి. ‘ఒమ్మడాన్’ను ముక్కలుగా వినకండి. వంట చేస్తూనో, ప్రయాణంలోనో వినే సంగీతం కాదిది. మొదటి భాగానికి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. రాత్రి పనులన్నీ అయ్యాక, ఇంట్లో సద్దుమణిగాక, ఒక్కసారి కూర్చుని మొదటినుంచి చివరిదాకా వినండి. మొదట్లో ఏం జరగట్లేదే అనిపించవచ్చు. ఓపిక పట్టండి. డప్పులు మొదలయ్యేదాకా ఆగండి. గొంతులు లేచేదాకా ఆగండి. అర్థం కోసం వెతక్కండి, వెతికినా దొరకదు. ఆ గొంతులతో పాటు మీరూ కాసేపు ఉండండి, అది చాలు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకీ వినిపించండి. ఇంగ్లీషు సంగీతం మాకెందుకని అనొచ్చు. మాటలు లేవు కాబట్టి భాష రాలేదన్న దిగులు అక్కర్లేదని చెప్పండి. విన్నాక వాళ్ళేమన్నారో అడిగి తెలుసుకోండి.